పుస్తకంలో లేని దెబ్బ

త్రినాథరావు విమానం కొంటున్నాడంటే భిలాయిలో ఎవరూ నమ్మలేదు. అదీ నేల మీదా నీళ్ళ మీదా దిగే విమానమంటే, షుగరు తలకెక్కిందేమోనని అన్నవాళ్ళు కూడా ఉన్నారు. నమ్మిన ఒకే ఒక్క మనిషి ఆయన బావ గురునాథరావు. నమ్మకేం చేస్తాడు? ఆ విమానం తాలూకు కాగితాలన్నీ పద్నాలుగు నెలలపాటు చదివి, సరిచూసి, ఫైళ్ళకెక్కించింది ఆయనే.

గురునాథరావు ఉక్కు ప్లాంటులో ముప్పై ఆరేళ్ళు రైలు పట్టాలు పరీక్షించిన మనిషి. పట్టా లోపల పగులుంటే పైకి కనబడదు. లోపలికి శబ్దం పంపి, అది తిరిగొచ్చే తీరును బట్టి లోపల ఏముందో చెప్పాలి. మెషీను తెర మీద గీత చూసి చెప్పడం అందరూ నేర్చుకున్నారు. ఆయన గీత చూశాక కూడా అనుమానం తీరకపోతే చిన్న సుత్తితో పట్టాను తట్టి, తల పక్కకు వంచి, కళ్ళు మూసుకుని వినేవాడు. రిటైరై నాలుగేళ్ళయింది. భార్య పోయి రెండేళ్ళు. సెక్టర్ ఆరులో లీజుకు తీసుకున్న పాత క్వార్టర్లోనే ఒక్కడూ ఉంటున్నాడు. ఆదివారం భోజనం మాత్రం చెల్లెలు నాగలక్ష్మి ఇంట్లో.

ఆ చెల్లెలి మొగుడే త్రినాథరావు. పంతొమ్మిదో ఏట బొబ్బిలి దగ్గర్నుంచి వచ్చి, ఒక కాంట్రాక్టరు కింద పొగగొట్టాలకు రంగులేసే పనిలో కుదిరాడు. నడుముకు తాడు కట్టుకుని, గాలికి ఊగుతూ వేసే రంగు. అంతెత్తున వేలాడుతూ చూస్తే అవతల మరోడా జలాశయం అద్దం పరిచినట్టుండేది. చలికాలంలో ఎక్కడెక్కడి పక్షులో వచ్చి దాని మీద వాలేవి. కాళ్ళు ముందుకు చాచి, నీళ్ళ మీద పొడుగ్గా గీత గీసి ఆగిపోయేవి. "నాకూ అలాగ దిగాలనుంటాది బావా" అని పెళ్ళైన కొత్తలో అంటే గురునాథరావు నవ్వాడు. తర్వాత త్రినాథరావు హథ్‌ఖోజ్‌లో సొంతంగా ఇనుప సామాను తయారుచేసే ఫ్యాబ్రికేషన్ షెడ్డు పెట్టాడు. నలభై మందికి పనిచ్చాడు. యాభై ఒకటో ఏట పొరుగు రాష్ట్రంలో ఫ్లయింగ్ క్లబ్బుకు పోయి, తన కొడుకు వయసువాళ్ళ పక్కన కూర్చుని పాఠాలు నేర్చుకుని, లైసెన్సు పట్టుకుని వచ్చాడు. ఆ రోజు నుంచి గురునాథరావు ఆ మాటకు మళ్ళీ నవ్వలేదు.

విమానం స్వీడన్‌ది. రెండు సీట్లది, అడుగున పడవలాంటి పొట్ట, పక్కల నుంచి దిగే చక్రాలు. అమ్మినాయన పేరు హెన్రిక్, డెబ్బై దాటినవాడు, చెరువు ఒడ్డున ఇల్లు. కొనడం తేలికే అయింది. తేవడమే కష్టం. ఒక దేశం తన పుస్తకంలోంచి విమానం పేరు కొట్టేస్తేగానీ ఇంకో దేశం తన పుస్తకంలో ఎక్కించుకోదు. కొట్టేసినట్టు ఆ దేశం కాగితం ఇవ్వాలి, తెచ్చుకోవచ్చని ఢిల్లీ కాగితం ఇవ్వాలి, విశాఖపట్నం పోర్టులో కస్టమ్స్ వాళ్ళు ఇంకో కాగితం ఇవ్వాలి, అందులో ఉన్న రేడియోకు మళ్ళీ వేరే అనుమతి.

"ఆడపిల్లకి ఇంటిపేరు మారినట్టే కదన్నయ్యా" అంది నాగలక్ష్మి ఒక ఆదివారం, వడ్డిస్తూ.

"ఆడపిల్లకి ఇన్ని సంతకాలు అక్కర్లేదమ్మా" అన్నాడు గురునాథరావు.

మన దేశం విమానాల పేర్లలో మొదటి రెండు అక్షరాలు అందరికీ ఒకటే. చివరి మూడూ కోరుకోవచ్చు. త్రినాథరావు ఎన్, జీ, ఎల్ కోరుకున్నాడు. అందులో తన పేరుందని అర్థమవడానికి నాగలక్ష్మికి ఒక పూట పట్టింది. అర్థమయ్యాక, "నా పేరు పెట్టి నన్ను భయపెడుతున్నారేటి" అని కసిరింది.

కాగితాలు నడిచినంత కాలం త్రినాథరావు కళ్ళు మాత్రం ఆగలేదు. షుగరు కంటి లోపలి పొరను తినేస్తోంది. విమానం నడిపేవాళ్ళకు గడువు గడువుకూ ఆరోగ్య పరీక్ష ఉంటుంది. కిందటిసారి పరీక్ష చేసిన డాక్టరు, "ఈసారికి అయిపోయింది. వచ్చేసారి నా మీద ఆశ పెట్టుకోకండి" అని ముందే చెప్పేశాడు. ఆ గడువు మార్చి నెలాఖరు. కంటైనరు వైజాగు నుంచి రోడ్డున వచ్చి భిలాయి బయట నందిని ఎయిర్‌స్ట్రిప్ గేటు ముందు ఆగేసరికి డిసెంబరు రెండో వారం.

*

ఆ రోజు పొద్దున్నే చలి. అక్కడి విమానాల షెడ్డు కాపలా బలరాం తలకు మఫ్లరు చుట్టుకుని తలుపులు బార్లా తీశాడు. హథ్‌ఖోజ్ నుంచి వచ్చిన మనుషులు ముందు రెక్కలు దింపారు, తర్వాత అసలు ఒళ్ళు. తెల్లటి రంగు, కోడిగుడ్డు పెంకంత నున్నగా ఉంది. తోక పక్కన పాత దేశం అక్షరాలు గీకేసిన చోట నీడలా జాడ మిగిలింది. త్రినాథరావు చెప్పులు బయట విడిచి షెడ్డులోకి వచ్చి, విమానం ముక్కు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు చూడడం గురునాథరావుకి అదే మొదలు.

తర్వాత అందరూ రెక్కల చుట్టూ మూగారు. గురునాథరావుకు పనేమీ లేదు. జేబులోంచి అయిదు రూపాయల బిళ్ళ తీసి, పొట్ట కింద మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు నుంచి వెనక్కి వరసగా తట్టుకుంటూ పోయాడు. ఎందుకు తట్టావంటే ఆయన చెప్పలేడు. ముప్పై ఆరేళ్ళ అలవాటు. కొత్త వస్తువు కనబడితే చెయ్యి దానంతటదే తట్టేది.

టక్, టక్, టక్. గట్టి గొంతు. కుడిపక్క, నీళ్ళు మొదట తగిలే చోటికి వచ్చేసరికి శబ్దం మారింది. దుప్పటి కింది నుంచి వచ్చినట్టు, ముద్దగా. ఆయన ఆగాడు. వెనక్కి జరిగి మళ్ళీ తట్టాడు. కళ్ళు మూసుకుని నాలుగు వైపుల నుంచీ తట్టుకుంటూ వచ్చాడు. రెండు అరచేతులంత మేర. చుట్టూ అంతా బతికున్న శబ్దం, మధ్యలో అది.

రంగు మీద చేత్తో నిమిరాడు. ఏమీ తెలియలేదు. చేసినవాడెవడో మంచి పనివాడు.

"సాబ్, చాయ్" అన్నాడు బలరాం గ్లాసు పట్టుకుని. గురునాథరావు లేచి, మోకాళ్ళ దుమ్ము దులుపుకుని, టీ తాగాడు. ఆ రోజు ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఇంటికొచ్చి విమానం లాగ్ పుస్తకం నకలు ముందేసుకున్నాడు. ఎప్పుడు ఎగిరింది, ఎంతసేపు ఎగిరింది, ఏ భాగం మార్చారు, అన్నీ అందులో ఉండాలి. అంతకుముందు రెండుసార్లు చదివినదే. అప్పుడు తేదీలు కలిశాయా లేదా అని చూశాడు. ఇప్పుడు తేదీల మధ్య ఏముందో చూశాడు. ఒక ఆగస్టు తర్వాత మళ్ళీ మరుసటేడు అక్టోబరు దాకా విమానం ఎగరలేదు. పద్నాలుగు నెలలు. ఆ తర్వాత వరసలో ఒకే మాట ఉంది: రంగు వేయబడింది.

ఆయన హెన్రిక్‌కి ఈమెయిల్లో ఉత్తరం రాశాడు. నిందించలేదు, నిలదీయలేదు. "కుడిపక్క పొట్ట కింద శబ్దం వేరేగా ఉంది. అక్కడేం జరిగిందో మీకు తెలిసి ఉంటుంది. మాకూ తెలియాలి" అని మాత్రం రాశాడు.

నాలుగో రోజు జవాబొచ్చింది. చిన్నదే. నీళ్ళలో మునిగి ఉన్న దుంగ తగిలిందట. ఆ రోజు నడిపింది హెన్రిక్ తమ్ముడట. ఆ తమ్ముడికి అప్పటికి లైసెన్సు లేదు, తాగుడు వల్ల తీసేశారు. పుస్తకంలో రాస్తే ఎవరు నడిపారో చెప్పాలి. అందుకని హెన్రిక్కే శీతాకాలమంతా షెడ్డులో కూర్చుని సొంత చేతుల్తో బాగుచేశాడు, పుస్తకంలో రాయలేదు. తమ్ముడు పోయి మూడేళ్ళయింది. "తర్వాత రెండొందల గంటలు ఎగిరాను, ఏమీ కాలేదు. అయినా మీకు చెప్పకుండా అమ్మడం తప్పే. మీరు అడిగారు, చెప్పాను" అని ముగించాడు.

గురునాథరావు ఆ ఉత్తరాన్ని ప్రింటు తీయించి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజులు అది అక్కడే ఉంది.

*

మూడో రోజు హథ్‌ఖోజ్ వెళ్ళాడు. షెడ్డులో గ్రైండింగ్ మోత, నిప్పురవ్వలు. త్రినాథరావు తన గాజుగదిలో కూర్చుని, ఒక డ్రాయింగును ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు. బావను చూసి నవ్వి కుర్చీ లాగాడు. గురునాథరావు కాగితం బల్ల మీద పెట్టి, అందులో ఉన్నది తెలుగులో చెప్పాడు. అంతా విన్నాక త్రినాథరావు తలుపు వేశాడు. మోత తగ్గింది.

"ఇప్పుడేటంటావు?"

"జనవరిలో ఇంజనీరు అమ్మాయి వచ్చి చూస్తుంది కదా. ఆవిడకు చెప్పాలి. చెప్తే అక్కడ కోసి చూస్తారు. విమానం కట్టిన కంపెనీ పద్ధతి ప్రకారం మళ్ళీ చెయ్యాలి."

"ఎన్నాళ్ళు?"

"ఆరు నెలలు. ఎక్కువే పట్టొచ్చు."

త్రినాథరావు చాలాసేపు బల్ల మీది కాగితం వంకే చూశాడు. "బావా, నాకు మార్చి దాకే ఉన్నాది. నీకు తెల్దేటి?"

"తెలుసు."

"ఆ అమ్మాయి పుస్తకం సూస్తాది. పైన సూస్తాది, కింద సూస్తాది. నువ్విన్నది ఆవిడకి ఇనబడదు. ఈ ఊర్లో నీకు తప్ప ఎవులికీ ఇనబడదు. నువ్వినలేదనుకో, అది లేనట్టే."

"నేను విన్నాను కదా బావా."

"రెండొందల గంటలు ఎగిరిందంట కదా! ఆడే రాసినాడు కదా, ఏటీ అవలేదని!" ఆయన గొంతు పెరిగింది. వెంటనే తగ్గింది. "ఒక్కసారి. నీళ్ళ మీదకి కాకపోయినా పర్లేదు, మరోడా మీద అలా ఒక్క చుట్టు. నా సేత్తో. తర్వాత మొత్తం కోసీ, ముక్కలు సెయ్, నేనేటీ అనను. నలభై ఏళ్ళు బావా. నిన్నెప్పుడైనా ఏదైనా అడిగినానా?"

అడగలేదు. గురునాథరావు భార్య ఆసుపత్రిలో ఉన్న పదిహేడు రోజులూ కారిడార్లో బెంచీ మీద పడుకున్నది త్రినాథరావే. కర్మకాండకు రాయపూర్ నుంచి పురోహితుణ్ణి తీసుకొచ్చిందీ ఆయనే. ఆ మాట ఆయన ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్లే అది ఆ గదిలో ఇద్దరి మధ్యా కూర్చున్నట్టుంది.

"ఆలోచిస్తాను" అని లేచాడు గురునాథరావు. ఆలోచించడానికేమీ లేదని తెలిసీ ఆ మాటన్నందుకు, గేటు దాటేదాకా తన మీద తనకే రోత పుట్టింది.

*

మర్నాడు మధ్యాహ్నం నాగలక్ష్మి స్కూటీ మీద వచ్చింది. ఎప్పుడూ ఏదో ఒకటి గిన్నెలో తెచ్చే మనిషి, ఆ రోజు ఉత్త చేతుల్తో వచ్చింది. వరండాలో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆయన నిన్న తిండి తినలేదు. నీ పేరెత్తి, మీ అన్నయ్య నా రెక్కలు తీసేస్తున్నాడు అన్నారు. ఏటి జరిగింది?"

చెప్పాడు. ఆవిడ మధ్యలో ఆపకుండా వింది.

"చెప్పకపోతే ఏటవుతుంది?"

"ఏమీ కాకపోవచ్చు."

"కాకపోవచ్చంటే?"

"కోసి చూస్తేగానీ ఎవరికీ తెలీదు లక్ష్మీ. బాగా అతికిందేమో. లేక నీళ్ళు గట్టిగా తగిలిన రోజు తెరుచుకుంటుందేమో. నాకు వినబడింది శబ్దం ఒక్కటే. అది ఎన్నాళ్ళు ఓరుస్తుందో శబ్దం చెప్పదు."

నాగలక్ష్మి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఎదురుగా రోడ్డు మీద సెకండ్ షిఫ్టుకు వెళ్ళేవాళ్ళ బైకులు పోతున్నాయి.

"ఆయన ఆ విమానం ఎక్కకూడదని నేను మొక్కుకున్నానన్నయ్యా" అంది చివరికి. "ఎనిమిదేళ్ళ నుంచి. ఆయన లైసెన్సు తెచ్చుకున్న రోజు అందరికీ స్వీట్లు పంచి, లోపలికెళ్ళి మొక్కుకున్నాను. ఇప్పుడు నీ నోటితో అదే అవుతోంది. సంతోషం రావాలి కదా. రావటం లేదు."

"నన్నేం చెయ్యమంటావు?"

"నన్నడక్కు. నేను ఆయన పెళ్ళాన్ని, నీకు చెల్లిని. నన్నడిగి నువ్వు తప్పించుకోకు."

స్కూటీ స్టార్టు చేసి, హెల్మెట్ పెట్టుకుని, మళ్ళీ తీసి, "తిన్నావా?" అని అడిగింది. తిన్నానన్నాడు. తినలేదని ఆవిడకు తెలుసు. వెళ్ళిపోయింది.

*

జనవరి తొమ్మిదిన ప్రసూన వచ్చింది. ముప్పై నాలుగేళ్ళుంటాయి. భిలాయిలోనే పుట్టి పెరిగిన పిల్ల, వాళ్ళ నాన్న ప్లాంటులో ఆఫీసరుగా చేశాడు. విమానాల ఇంజనీరు లైసెన్సుంది. ఆమె చూసి, రాసి, సంతకం పెడితేనే ఫైలు ఢిల్లీకి కదులుతుంది. రెక్కలు బిగించిన విమానం షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. ప్రసూన పొద్దుట ఎనిమిదింటికి మొదలుపెట్టి, పదకొండున్నర దాకా ఒక్కొక్క నట్టూ, ఒక్కొక్క తీగా చూసింది. పొట్ట కింద కూడా టార్చి వేసి చూసింది. చెయ్యి వేసి నిమిరింది. ఆమెకు తేడా ఏమీ తగల్లేదు.

గురునాథరావు గోడ పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ముందురోజు దాకా రాకూడదనే అనుకున్నాడు. ఇంట్లో కూర్చుంటే అబద్ధమాడినట్టూ కాదు, నిజం చెప్పినట్టూ కాదు. కానీ పొద్దున్న లేచి స్నానం చేసి ఆటో ఎక్కేశాడు. త్రినాథరావు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నాడు. బావ వంక ఒక్కసారి చూసి, మళ్ళీ చూడలేదు.

"బహుత్ అచ్ఛా మెయింటెయిన్ చేశారు అంకుల్, పాత ఓనరు" అంది ప్రసూన చేతులు తుడుచుకుంటూ. బల్ల మీద ఫైలు తెరిచింది. "ఇది ఓనర్ డిక్లరేషన్. ఇంతకుముందు దీనికి ఎలాంటి దెబ్బా తగల్లేదు, యాక్సిడెంట్ నిల్ అని. లాగ్‌బుక్‌లో కూడా నిల్ కదా. ఇక్కడ సైన్ చేస్తే సరిపోతుంది."

పెన్ను ఇచ్చింది. త్రినాథరావు తీసుకున్నాడు. కాగితం మీదకు వంగాడు. సంతకం చోటు ఎక్కడుందో కనబడక, వేలితో తడుముకుంటూ గీత కోసం వెతికాడు.

"సంతకం పెట్టకు బావా" అన్నాడు గురునాథరావు.

గట్టిగా అనలేదు. అయినా షెడ్డు రేకుల కింద ఆ మాట మోగింది. ఆయన లేచి వచ్చి, జేబులోంచి కాగితం తీసి ప్రసూన ముందు పెట్టాడు. "కుడిపక్క దెబ్బ తగిలిందమ్మా. పుస్తకంలో రాయలేదు. ఇది అమ్మినాయన ఉత్తరం. మా బావని తప్పు పట్టకమ్మా. నేను నెల నుంచి నోరు మూసుకున్నాను, తప్పు నాది."

ప్రసూన చదివింది. త్రినాథరావు పెన్ను బల్ల మీద పెట్టి, టోపీ తీసుకుని, బయటికి నడిచాడు. రన్‌వే పక్కన గడ్డిలోంచి ఆ చివరిదాకా పోయి, వీళ్ళవైపు వీపు పెట్టి నిలబడ్డాడు. ప్రసూన కాసేపు అటే చూసింది.

"చూపించండి అంకుల్" అంది తర్వాత.

ఇద్దరూ పొట్ట కింద కూర్చున్నారు. ఆయన తట్టాడు. ఆమె వింది. తల అడ్డంగా ఊపింది. ఆమె తట్టింది. మళ్ళీ తట్టింది. మూడోసారికి ఆమె చెయ్యి ఆగిపోయింది. "సున్ లియా, వినబడింది" అంది మెల్లగా. "నేనొక్కదాన్నే అయితే వినేదాన్ని కాదు అంకుల్. పాస్ చేసేదాన్ని."

*

ఫిబ్రవరిలో బెంగళూరు నుంచి పనివాడు వచ్చి కోశాడు. పై పొర లేచేసరికి గురునాథరావు ముందుకు వంగాడు. లోపలంతా కుళ్ళిపోయి ఉంటే బాగుండునని ఆయన మనసు కోరుకుంది. అప్పుడు తను చేసింది అందరికీ కనబడేది. ఆ కోరిక తనలో పుట్టినందుకు సిగ్గుపడ్డాడు.

కుళ్ళలేదు. హెన్రిక్ శ్రద్ధగా చేశాడు. పొర మీద పొర నీటుగా వేశాడు. ఒక అంచున మాత్రం, అరచేతిలో సగమంత మేర, లోపలి భాగం తడిసి మెత్తబడి ఉంది.

"ఇది ఊడేదేనా?" అనడిగాడు.

పనివాడు చాలాసేపు వేలితో నొక్కి చూసి, చెప్పలేనన్నాడు. వందసార్లు నీళ్ళలో దిగినా ఓర్చుకునేదేమో. మొదటిసారికే పోయేదేమో. ఆ మాటలే నాగలక్ష్మికి చెప్పాడు గురునాథరావు, ఒక్క ముక్క అటూ ఇటూ చెయ్యకుండా. ఆవిడ వాటిని భర్తకు చెప్పిందో లేదో ఆయన అడగలేదు.

కంపెనీ డ్రాయింగులు పంపడానికి నెల. అక్కడి నుంచి రావలసిన, పొరలు వేసే గాజుపోగుల గుడ్డా, జిగురూ పోర్టులో ఇంకో నెలన్నర. జిగురుకు ఎండ పనికిరాదని మే నెలంతా ఖాళీ. ఈలోగా మార్చి అయిపోయింది. త్రినాథరావు ఒక్కడే రాయపూర్ వెళ్ళి పరీక్ష చేయించుకున్నాడు. డాక్టరు ముందే అన్న మాట తప్పలేదు. సాయంత్రం ఇంటికొచ్చి లైసెన్సు బీరువాలో పెట్టి తాళం వేశాడని నాగలక్ష్మి ఫోన్లో చెప్పింది.

ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. నాగలక్ష్మి క్యారేజీ పంపేది. దాన్ని తెచ్చే షెడ్డు డ్రైవరు, "సాబ్ బాగున్నారు" అని తనంతట తనే చెప్పేవాడు. రెండిళ్ళకూ మధ్య మూడు కిలోమీటర్లు. త్రినాథరావు పది నెలలు ఆ దారిన రాలేదు.

హెన్రిక్ నుంచి మాత్రం మరో ఉత్తరం వచ్చింది. దెబ్బ గురించి ప్రమాణపూర్వకంగా రాసి, తమ్ముడి పేరుతో సహా రాసి, వాళ్ళ ఊరి నోటరీ ముద్ర వేయించి పంపాడు. తమ్ముడి కూతురు ఇప్పుడు తనతో మాట్లాడటం లేదని చివర్లో ఒక వాక్యం. గురునాథరావు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, ఉత్తరాన్ని ప్రసూనకిచ్చాడు. ఆమె దాన్ని లాగ్ పుస్తకంలో, ఆ పద్నాలుగు నెలల ఖాళీ ఉన్న పేజీకి జతచేసింది.

అక్టోబరు చివర రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది. ఓనరు గడిలో త్రినాథరావు పేరు, ఆయన తండ్రి పెట్టిన పూర్తి పేరు. నవంబరులో రాజ్‌కిరణ్ అనే కెప్టెన్ వచ్చి మూడు రోజులు ఒంటరిగా ఎగిరి చూసి, బాగుందన్నాడు. నీళ్ళ మీద దిగడానికి వేరే అనుమతి కావాలి, అది రాలేదు. నాలుగో రోజు ఓనరును ఎక్కించుకుంటానన్నాడు. పక్క సీట్లో కూర్చోవడానికి ఏ పరీక్షా అక్కర్లేదు.

నాగలక్ష్మి ఫోన్ చేసింది. "అన్నయ్యా, రేపు పొద్దున్న తొమ్మిదికి. రమ్మని ఆయన అనలేదు. వద్దని కూడా అనలేదు."

*

గురునాథరావు బలరాం పక్కన, షెడ్డు నీడలో నిలబడ్డాడు. తెల్లటి ఒంటి మీద నల్లటి అక్షరాలు ఐదూ కొత్తగా మెరుస్తున్నాయి. త్రినాథరావు సన్నబడ్డాడు. కెప్టెన్ చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. విమానం పరుగెత్తి, తేలికగా లేచి, చెట్ల మీదుగా భిలాయి వైపు తిరిగింది. నాగలక్ష్మి కారు దగ్గర నిలబడి, అది కనబడకుండా పోయేదాకా చూసి, తర్వాత కారులో కూర్చుని అద్దం ఎత్తేసుకుంది.

ఇరవై అయిదు నిమిషాలకు తిరిగొచ్చారు. ఇంజను ఆగింది. కెప్టెన్ అటువైపు దిగి ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. త్రినాథరావు ఇటువైపు తలుపు తీసుకుని, ఒక కాలు బయట పెట్టి, మెట్టు కోసం గాల్లో తడుముతున్నాడు. గురునాథరావు వెళ్ళి చెయ్యి అందించాడు. ఆ చెయ్యి ఎవరిదో త్రినాథరావుకు పట్టుకోగానే తెలిసింది. వదల్లేదు. దిగి నిలబడ్డాడు.

త్రినాథరావు రెండో చెయ్యి రెక్క అంచున ఆనించాడు.

"మరోడా వొచ్చిందండీ అన్నాడు కెప్టెను" అన్నాడు త్రినాథరావు. "కిందకి సూసినాను. తెల్లగా మెరిసినాది. అంతే. పిట్టలున్నాయా అనడిగితే, ఉన్నాయండీ చాలా అన్నాడు. అవునా అన్నాను."

"మార్చికి ముందైతే కనబడేవి" అన్నాడు గురునాథరావు.

"కనబడేవి."

"నేను నోరు మూసుకుని ఉంటే..."

"ఇప్పుడు ఆ లెక్కలెందుకు బావా." ఆయన టోపీ తీసి, చెమట తుడుచుకున్నాడు. "కోపం పోనాదని సెప్పను. పోలేదు. పోద్దో లేదో నాకు తెల్దు. పైన ఉన్నంతసేపూ నిన్ను తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ ఒకటి. దిగేటప్పుడు నేల గట్టిగా తగిలి దడదడలాడింది. నాకు భయమేయలేదు. కింద ఏటుందో నాకు తెలుసు కదా."

గురునాథరావు తలూపాడు. ఆ తలూపడం ఆయనకు కనబడదని గుర్తొచ్చి, "ఊఁ" అన్నాడు.

కారు దాకా నడిచారు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట గురునాథరావు మోచెయ్యి పట్టుకున్నాడు, సమంగా ఉన్నచోట వదిలేశాడు. నాగలక్ష్మి దిగి వెనక తలుపు తెరిచింది.

"మంగళవారం రాయపూర్లో కంటికి సూది" అన్నాడు త్రినాథరావు, సీట్లో సర్దుకుంటూ. "ఉన్న సూపు నిలబడటానికంట. లచ్చిమి ఒక్కతే వొస్తాది. అక్కడ ఆ కాగితాలూ అవీ ఆవిడకి తెలవు."

"ఎన్నింటికి?"

"ఏడుకి బయల్దేరాల. నువ్వు ఆరున్నరకి తయారుగా ఉండు, డ్రైవరొస్తాడు."

"పాత రిపోర్టులన్నీ తీసిపెట్టు లక్ష్మీ" అన్నాడు గురునాథరావు చెల్లెలితో. "రేపు వచ్చి వరసగా సర్దుతాను."

"రేపెందుకు, ఇప్పుడే రా" అంది నాగలక్ష్మి. ముందు తలుపు తెరిచి ఆయన ఎక్కేదాకా పట్టుకుని నిలబడింది.